కాక ఫోటో – చిన్న కెమెరానా, పెద్ద కెమెరానా



"కెమెరా కొన్నరట గదా, ఏది తీసుకుంటే మంచిది?" అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకంటే ఇక్కడే రాస్తున్నాం. మేం హాస్టల్లో ఒకే రూములో ఉండే నలుగురం.

పోయినేడు దీపావళికి దండారి కోసం ఊరికి పోతూ ఒక సీనియర్ అన్న దగ్గర కంపాక్ట్ కెమెరా అడిగి తీసుకపోయినం. జేబులో పట్టేంత చిన్నది. గోడ గడియారంలో వేసే సెల్లుల్లాంటివి రెండు వేస్తే నడుస్తది. పగలు గుస్సాడీల ఫోటోలు బాగానే వచ్చినయ్. ముచ్చటపడి తీసిన ప్రతి ఫోటో వెనక తెర మీద చూసుకుంటనే ఉన్నం. చీకటి పడ్డంక ప్రతిదానికీ ఫ్లాష్. రాత్రి తుడుం మోగి, మా కాక పెప్రె నోట పెట్టుకునేసరికి సెల్లులు అయిపోయి కెమెరా ఆగిపోయింది. దుకాణం మూసేసిన్రు. "రేపు తీయండ్రి బిడ్డా, నేనేడికి పోత" అన్నడు కాక. తెల్లారి ఆయన దండారితో పక్క గూడానికి పోయిండు, మేం బస్సెక్కినం.

ఈ వానకాలంల కాక చనిపోయిండు. ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించి దండ వేసిన్రు. అందులో పెప్రె లేదు.

ఆ తర్వాతే కూర్చొని లెక్కలేసుకున్నాం.

మొదటిది వెలుతురు. చిన్న కెమెరాల్లో వెలుతురు పట్టే సెన్సర్ మామూలుగా 6 మిల్లీమీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు ఉంటుంది. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో 22 వెడల్పు, 15 ఎత్తు. అంటే పదింతలకు పైనే. మంట వెలుగులో ఎగిరే గుస్సాడీ చిన్న దాంట్లో అలుక్కుపోతడు. ఫ్లాష్ వేస్తే దగ్గరున్నోళ్ల ముఖాలే తెల్లగ కొడతయ్, వెనక అంతా చీకటి.

రెండోది బ్యాటరీ. అంత పెద్ద కెమెరా చార్జింగు తాగేస్తదని భయపడ్డాం. తీరా చూస్తే అది మన అలవాటును బట్టి ఉంటుంది. డీఎస్ఎల్ఆర్‌లో లోపలి అద్దం వెలుతురును నేరుగా మన కంటికి పంపుతుంది, కాబట్టి తెర వెలగాల్సిన పని లేదు. కానన్ 1500డీకి కంపెనీ చెప్పే లెక్క ప్రకారం, కన్ను పెట్టి తీస్తే ఒక చార్జికి దాదాపు 500 ఫోటోలు, తెర మీద చూస్తూ తీస్తే దాదాపు 240.

చిన్నదాన్ని తక్కువ చేయం. బరువుండదు, ముసలోళ్లు బెదరరు. సెల్లులతో నడిచేదైతే కిరాణా కొట్లో కూడా ప్రాణం దొరుకుతది. చార్జి చేసుకునే సెల్లులు కొంటే ఇంకా ఎక్కువసేపు వస్తయ్. డీఎస్ఎల్ఆర్ బ్యాటరీ గూడెంల అయిపోతే ఎక్కడా దొరకదు. పగటి ఫోటోలకైతే చిన్నది చాలు, చేతిలో ఫోనున్నా చాలు. కానీ మన దండారి రాత్రిది. కేస్లాపూర్ నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి.

అందుకే నలుగురం స్కాలర్‌షిప్పు పైసలు కలిపి సెకండ్ హ్యాండ్ 1500డీ, ఇంకో బ్యాటరీ కొన్నాం. తీసిన వెంటనే ఫోటో చూడొద్దని మాకు మేమే కట్టు పెట్టుకున్నాం. చలికి బ్యాటరీ తొందరగా దిగుతది. మన ఆదిలాబాద్ చలి తెలిసిందే కదా! అందుకని రెండో బ్యాటరీ అంగీ లోపలి జేబులో ఉంటది.

1940లలో మార్లవాయిలో ఉన్న హైమన్‌డార్ఫ్ మన తాతముత్తాతల ఫోటోలు తీసిండు. అవి ఇప్పుడు లండన్‌ల సోయాస్‌లో ఉన్నయ్. ఆయన తీసినందుకే ఆ ముఖాలు మిగిలినయ్, ఆ మేలు మరువం. కానీ మన కాకల కోసం మళ్లీ ఎవరో రావాలని ఎదురుచూడొద్దు.

ఈ దండారికి పెప్రె కాక కొడుకు ఊదిండు. ఫోటో కడిగించి చిన్నమ్మకు ఇచ్చినం. చాలాసేపు చూసి, "చేతులు వాళ్ల నాయనవే" అన్నది.

కెమెరా మా రూములోనే ఉంటది. ఇంట్ల పెద్దోళ్లున్నోళ్లు అడగండ్రి, చార్జి చేసి ఇస్తం. మీరూ చార్జి చేసి తిరిగియ్యండ్రి.