మెహమాన్ చేప

మా నర్సీపట్నంలో సముద్రం లేదు. విశాఖ నుంచి తెచ్చిన ఉప్పు కలిపి, హాల్లో చిన్న దరియా కట్టుకున్నాను. తొందరపడి ముందు నీలం డామ్సెల్‌ని వదిలాను. వేలెడంత లేదు, నెలలో ట్యాంకంతా తన జాగీరే! తర్వాత తెచ్చిన క్లౌన్ ఫిష్‌ని తరిమి తరిమి కొట్టింది. ఫజర్‌కి లేచి చూస్తే పాపం, రెక్కలు చిరిగి అడుగున పడుంది.

"కొత్త దుల్హన్‌ని గయ్యాళి ఆడబిడ్డ చేతిలో పెట్టేశావు బేటా" అంది అమ్మీ.

నిజమే. నెమ్మదైనవి ముందు, దూకుడుది ఆఖర్న రావాలి. డామ్సెల్‌ని వేరే తొట్టెలోకి మార్చాను. ఈసారి మెహమాన్ ఉన్న బకెట్లోకి ట్యాంకు నీళ్లు గంటసేపు చుక్కచుక్కగా వదిలాను. ఉప్పదనం ఒక్కసారిగా మారితే జాన్‌కే ఖతరా. లైటు ఆర్పి ట్యాంకులోకి వదిలాను.

పొద్దున రాయి వెనక నుంచి వచ్చి మేత తింది. అల్‌హందులిల్లా. సబర్ నేర్చుకోవాల్సింది నేనే.