పాత వంతెనలు

మా రెంజల్ గ్రామము నిజామాబాదు జిల్లాలో బోధను పట్టణమునకు ఉత్తరపు దిక్కున నున్నది. ఈ ప్రాంతమున ఏ దారిని పోయినను ఏదో యొక కాలువయో, వాగో అడ్డము వచ్చును. మంజీర నదిపై 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగర్ జలాశయము నుండి బయలుదేరిన కాలువలు, ఆకు మీది ఈనెలవలె మా పొలములలో వ్యాపించినవి. వాటిని దాటుటకు రాతితోను సున్నపు గచ్చుతోను కట్టిన చిన్న వంతెనలు కలవు. వాటి పిట్టగోడలపై కూర్చుండి చెరకు గడ నమలని పిల్లవాడు మా యూర నుండడు. అయినను వాటిని వంతెనలని ఎవ్వరును లెక్కపెట్టరు. వంతెన యన్నచో మాకు రెండే: ఒకటి కందకుర్తిది, రెండవది సాలూరది.

కందకుర్తి మా మండలములోనిదే. నాసికకు చేరువ త్ర్యంబకమున బుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, మహారాష్ట్రమును వీడి తెలంగాణమున అడుగిడు చోటు అది. మంజీర, హరిద్ర అచ్చట దానితో గలియుటచే త్రివేణీ సంగమమని పేరు వచ్చినది. నదీగర్భమున రాతితో కట్టిన శివాలయమొకటి యున్నది. వరదకాలమున నది దానిని ముంచును. వేసవిలో మరల చూపును. ఆ గుడివలెనే, ధర్మాబాదు వైపునకు పోవు వంతెనయు పెద్ద వరద వచ్చినప్పుడు నీటిలో మునిగి, రెండు రాష్ట్రముల నడుమ రాకపోకలు నిలిచిపోవును. సాలూర యొద్ద మంజీరపై నున్న పాత వంతెనకును ఇదే గతి. అక్కడ మాత్రము ప్రక్కనే ఎత్తయిన కొత్త వంతెన వచ్చినది గనుక జనులకు ఇబ్బంది తగ్గినది.

ఇట్టి మునుగు వంతెనల నడుమ పెరిగినవాడను. పనికిరాదని విడిచిన వంతెన నొకదానిని కాపాడవలెనని ఒక పట్టణ ప్రజలు ఏండ్ల తరబడి పట్టుపట్టిరని విన్నప్పుడు నాకు వింతయే తోచెను. ఆ పట్టణము రాజమహేంద్రవరము. మా యూరి ప్రక్కగా పోయిన నీరే అచ్చటికి చేరును గదా, చూచి రావలెనని ఒక సెలవులో బయలుదేరితిని.

అక్కడ గోదావరి మేము ఎరిగిన గోదావరి కాదు. కందకుర్తిలో మండువేసవిలో ఇసుక తిన్నెల నడుమ పాయగా పారు నది, అక్కడ సముద్రము చెల్లెలివలె కనబడును. దానిపై మూడు రైలు వంతెనలు నిలిచియున్నవి. వానిలో పెద్దది వయస్సున హావ్‌లాక్ వంతెన. అది లేనినాడు చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు ప్రయాణికులు ఒక యొడ్డున రైలు దిగి, స్టీమరెక్కి నది దాటి, ఆవలి యొడ్డున మరల రైలెక్కెడివారు. 1897 నవంబరులో పని మొదలిడి 1900 ఆగస్టులో వంతెనను తెరచిరి. అంతటి నదిపై మూడేండ్లయినను నిండకమునుపే! నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హావ్‌లాక్ పేరు దానికి పెట్టిరి. కట్టించిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ అంతకుముందు కాశీలో గంగపై వంతెన కట్టిన అనుభవశాలి. గవర్నరు ఒక రాయినైనను ఎత్తియుండడు. పేరు మాత్రము అతనిదే. లోకమున ఇది క్రొత్త కాదు.

ఆ వంతెన మైలున్నరకు మించిన పొడవు గలది. ఒక్కొక్కటి 150 అడుగులు గల ఇనుప గర్డర్లు 56 దానిపై వరుస దీరియున్నవి. అవి రాతి స్తంభములపై నిలిచినవి. ఆ స్తంభములు నిలిచినది బావులపైన. నదిలో బావి యేమని మీరు అడుగవచ్చును. ఇసుక నేలలో పునాది త్రవ్వినచో గోడలు కూలును, నీరు నిండును. కావున ముందుగా బావి ఒరవంటి గుండ్రని కట్టడమును నదిలో నిలిపి, దాని లోపలి ఇసుకను తోడుదురు. తోడిన కొలది అది తన బరువుచేతనే క్రిందికి దిగును. దిగిన కొలది పైన మరికొంత కట్టుదురు. గట్టినేల తగిలిన పిమ్మట దానిని నింపి, దానిపై స్తంభము లేపుదురు. మన పల్లెలలో బావులకు ఒరలు దింపు పద్ధతియు ఇట్టిదే. పల్లె పనివాని తెలివిని ఇంజనీరు పెద్ద లెక్కలో వాడుకొనెనని నేననుకొందును.

ఒంటి పట్టాలదారి గల ఆ వంతెన కాలక్రమమున చాలకపోయెను. 1974లో రైలును, రోడ్డును కలిసి పోవు వంతెన దాని తోడుకు వచ్చెను. 1997లో విల్లులవంటి కమానులు గల మూడవ వంతెన వచ్చినంతనే, తొంబదియేడేండ్లు మోసిన ఈ ముసలి వంతెనకు విశ్రాంతి నిచ్చిరి. అప్పుడే అసలు ప్రశ్న పుట్టినది. అంత ఇనుమును నదిపై నూరక విడుచుటెందుకు, విప్పి అమ్మినచో ధనము వచ్చును గదా యను ఆలోచన బయలుదేరెను. పట్టణవాసులు అందుకు సమ్మతింపలేదు. చరిత్రాభిమానులు దానిని నిలుపవలెనని కోరిరి. పాదచారులకు నడకదారిగా మార్చినచో నదిని చూచుటకు అంతకు మించిన చోటు వేరొకటి లేదని వారి వాదము. ఇది ఒక దినమున గెలిచిన పోరు కాదు. పథకములు ప్రకటింపబడుచు, కాగితములపైననే నిలుచుచు, ఒక తరము గడచినది. తుదకు 2025 జూన్‌లో అఖండ గోదావరి అను పథకమునకు శంకుస్థాపన జరిగెను. సుమారు 94 కోట్ల రూపాయల ఆ పథకమున హావ్‌లాక్ వంతెనను విహారస్థలముగా తీర్చుట ముఖ్యమైన అంశము.

ఊరికి తిరిగివచ్చి ఈ సంగతులన్నియు మా మేనమామకు చెప్పితిని. ఆయన చెరకు రైతు. బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారమునకు తాతలనాటినుండి చెరకు తోలిన కుటుంబము. 2015లో అది మూతపడిన పిమ్మట దూరపు కర్మాగారములకు లారీలలో పంపుచు, ప్రతి మైలుకును బాడుగ లెక్కించుచున్నవాడు. ఆయన అంతయు విని, తలపాగ సవరించుకొని, “అల్లుడా, ఆ వంతెన మీద ఇప్పుడు బండి పోవునా?” అని అడిగెను.

“పోదు మామా.”

“ఎడ్ల బండియైనను?”

“కాలినడకకే ఉంచుదురట.”

“అయినచో అది వంతెన కాదు, బొమ్మ. కందకుర్తి వంతెన మునిగిన నాడు ఆవలి యొడ్డున నున్న మా చెల్లెలి యింటికి నేను బాసర చుట్టి పోవలెను. అన్ని కోట్లలో కొంత ఇటు పెట్టినచో మునుగని వంతెన వచ్చునేమో ఆలోచించితివా?”

నేను వెంటనే బదులు చెప్పలేదు. ఆయన మాట త్రోసివేయదగినది కాదు. ప్రాతదానిపై ప్రేమ గలవారు చాలమంది ఆ ప్రాతదానిని నిత్యము దాటవలసిన అవసరము లేనివారే. జ్వరముతో నున్న బిడ్డను ఎత్తుకొని వరద యొడ్డున నిలిచిన తల్లికి వంతెన వయస్సుతో పని లేదు. కావున కొత్త వంతెన కట్టక ప్రాతదానినే పూజింపుడని ఎవ్వరైనను చెప్పినచో నేను మామ పక్షమే. కాని రాజమహేంద్రవరమున కొత్తవి రెండు వచ్చిన పిదప గదా పాతదానిని ఉంచుమనిరి! సాలూరలోను కొత్తది ప్రక్కన వచ్చినది. అహమ్మదాబాదులో 1892 నాటి ఎల్లిస్ వంతెనకు ఇరువైపుల కొత్త వంతెనలు కట్టి, నడుమ దానిని నిలిపిరి.

ఈ మాటయే చెప్పి, మామకు పురానాపూల్ కథ వినిపించితిని. పురానాపూల్ అనగా పాత వంతెన. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీ నదిపై దానిని కట్టించెను. హైదరాబాదు నగరము వెలసినది 1591లో. అనగా వంతెన నగరముకంటె పదుమూడేండ్లు పెద్దది! రాజకుమారుడు భాగమతిని చూచుటకు వరదలో నది నీదుచుండగా తండ్రి భయపడి ఈ వంతెన కట్టించెనని జనులు ముచ్చటగా చెప్పుకొందురు. ముచ్చట మంచిదే గాని, ఆ యేట ఆ రాజకుమారునికి పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయము. కోటకును ఆవలి యొడ్డునకును బాట కావలసి కట్టిరనుటయే నమ్మదగినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ ఉప్పొంగి నగరమును ముంచి వేలమందిని బలిగొనెను. తరువాతి కాలమున కట్టిన అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడును ఆ వరదవాత బడినవి. మూడువందల ముప్పదియేండ్ల ముసలి పురానాపూల్ ఒక్కటియే నిలిచి, రెండు ఒడ్డులను కలిపియుంచెను. అఫ్జల్ వంతెనను మరల కట్టిరి. దానికి నయాపూల్, అనగా కొత్త వంతెన, అని వాడుక పేరు. నూరేండ్లు దాటినను అది కొత్తదే!

“ఇప్పుడు పురానాపూల్‌పై బండ్లు పోవునా?” అని మామ మరల మొదటికే వచ్చెను.

“బండ్లు ప్రక్కనున్న వంతెనపై పోవును. దీనిపై కూరగాయల అంగళ్ళు పెట్టుకొందురు.”

“వంకాయలు అమ్ముదురా? అయినచో పనికి వచ్చుచున్నట్లే” అని ఆయన కొంత మెత్తబడెను.

బోస్నియా దేశమున మోస్తార్ అను పట్టణము కలదు. నెరెత్వా నదిపై 1566లో కట్టిన ఒంటి కమాను వంతెన దానికి ప్రాణము. 1993 నవంబరు 9న యుద్ధములో ఫిరంగి గుండ్లకు అది కూలెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ జనులు కాంక్రీటు వంతెనతో తృప్తి పడక, అదే వాలున, అదే తెల్లరాతితో మరల కట్టించుకొనిరి, 2004లో తెరచిరి. ఈ కథ విని మామ నవ్వలేదు. ఇరువైపుల వారును కొట్టుకొన్నవారేనా యని మాత్రము అడిగెను. అవునంటిని.

పెద్ద వంతెనల మాట పెద్దవారు చూచుకొందురు. మా కాలువ వంతెనలకు శత్రువు వరద కాదు, యుద్ధము కాదు, రావి మొక్క. పక్షి రెట్టలో వచ్చిన గింజ గచ్చు బీటలో మొలకెత్తును. మొదటి యేట రెండాకులు. వ్రేలితో లాగిన వచ్చును. మూడవ యేట వేరు రాళ్ళ నడుమ దూరి వాటిని ఎడము చేయును. ఆ తరువాత మొక్కను నరికినను వేరు లోపల బ్రదికియుండి మరల చిగుర్చును; వేరు పెరికినచో రాయి కూడ వచ్చును. మా పొలము దారిలోని వంతెనకు అట్టి మొక్కలు పదునాలుగు మొలచినవి. కొందరు పిల్లలను తోడ్కొని వాటిని లెక్కించి, చేతనైనవి పెరికితిమి. మూడు మాత్రము ముదిరిపోయినవి.

మరునాడు ప్రొద్దుననే మామ గునపముతో ఆ వంతెన క్రింద మోకాలిబంటి నీటిలో నిలిచియుండెను. వేరు వెంబడి మెల్లగా పొడుచుచు, ఊడిన రాతిని ప్రక్కన జాగ్రత్తగా పెట్టుచుండెను. నన్ను చూచి తలయెత్తకయే, “ఇది బొమ్మ కాదు. వచ్చే నెల దీని మీదుగానే మన చెరకు ట్రాక్టరు పోవలెను. ఆ సున్నము తట్ట ఇటు అందుకొనుము” అనెను.