ఏ ఊరి రామాలయం?

పల్లెటూళ్లో అడ్రసు అడిగితే "రామాలయం వెనకాల, వేపచెట్టు పక్కిల్లు" అంటారు. ఊళ్లోవాడికి అది చాలు. అదే చీటీ పట్టుకుని పక్క మండలంలో బస్సు దిగితే తిప్పలే. రామాలయం లేని ఊరేది? సైట్లు తమ కొత్త వ్యాసాలను పంపే ఫీడ్లలో వచ్చే లింకులు చాలావరకు ఈ బాపతే. "బొమ్మ.జెపిజి" అని రాసి ఊరుకుంటారు. ఏ సైటు, ఏ ఫోల్డరు అన్నది ఎక్కడో పైనున్న తల్లి ట్యాగులో, ఎక్స్‌ఎమ్‌ఎల్:బేస్ అన్న యాట్రిబ్యూట్‌లో ఉంటుంది.

దీనికి అన్నగారు, రాత ఏ భాషలో ఉందో చెప్పే ఎక్స్‌ఎమ్‌ఎల్:లాంగ్. 1998లో ఎక్స్‌ఎమ్‌ఎల్‌తో పాటే పుట్టింది. బేస్ 2001లో వచ్చింది. 2005 నాటి ఆటమ్ ఫీడ్ ప్రమాణం ఈ రెంటినీ ఏ ట్యాగుకైనా తగిలించుకోనిచ్చింది. పైన ఒకసారి రాస్తే కిందివాటన్నిటికీ సంక్రమిస్తాయి. అయితే అన్నదమ్ముల స్వభావాలు వేరు. కింది ట్యాగు తన భాష ఇంగ్లీషు అందంటే పైనున్న తెలుగు అక్కడికి చెల్లదు. యాట్రిబ్యూట్ రాసి విలువ ఖాళీగా వదిలితే ఏ భాషా లేనట్టు. బేస్ అలా కాదు. పిల్ల ట్యాగు ఉత్త "2024/" అంటే తల్లి అడ్రసుకి దాన్ని అతికించి చదువుకోవాలి.

ఆ చివరి స్లాషుని తేలిగ్గా తీసుకోకండి. బేస్ "/పత్రిక/2024/" అయితే బొమ్మ "/పత్రిక/2024/బొమ్మ.జెపిజి" అవుతుంది. స్లాషు మరిచారా, 2024ని ఫైలు పేరనుకుని నియమం కొట్టిపారేస్తుంది, మిగిలేది "/పత్రిక/బొమ్మ.జెపిజి". నియమం తప్పేం కాదు, రాసినవాడిదే తొందర. కానీ తిట్లు మాత్రం ఫీడ్‌ని చదివే పార్సర్ రాసినవాడికి.

పార్సర్ చేసే పని పైకి సులువే. ట్యాగు తెరుచుకోగానే అప్పటికి చెల్లే బేస్‌నీ భాషనీ స్టాక్ మీద పెట్టాలి, మూసుకోగానే తీసెయ్యాలి. తంటా ఎక్కడంటే, యాట్రిబ్యూట్ కనిపించినప్పుడే పెట్టి, ట్యాగు మూసినప్పుడల్లా తీసేవాళ్లున్నారు. నాలుగు ట్యాగులు దాటేసరికి స్టాక్ ఖాళీ. తీయడమే మరిచిపోతే ఇంకో వింత: ఇంగ్లీషు వ్యాసం తర్వాత వచ్చిన తెలుగు వ్యాసానికి కూడా ఇంగ్లీషు ముద్రే పడి, స్క్రీన్ రీడర్ దాన్ని ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది. యాట్రిబ్యూట్ లేకపోయినా తల్లి విలువనే మళ్లీ పెట్టడం క్షేమం.

ఎక్కడా బేస్ లేకపోతే ఫీడ్ దొరికిన అడ్రసే బేస్. దారిలో రీడైరెక్ట్ అయితే చివరికి చేరిన అడ్రసు. ఇక ట్యాగులన్నీ ఎస్కేప్ చేసి హెచ్‌టిఎమ్‌ఎల్‌ని మూటకట్టి పంపేవాళ్లు ఉండనే ఉన్నారు. ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సర్‌కి ఆ మూట ఉత్త అక్షరాల వరస. దాన్ని విప్పి, లోపలి లింకులకు అదే బేస్ తగిలించాలి. మార్క్ పిల్‌గ్రిమ్ పైథాన్‌లో రాసిన యూనివర్సల్ ఫీడ్ పార్సర్ ఈ చాకిరీ చేస్తుంది. అందుకే నాకు దాని మీద గౌరవం.

వ్యాసాన్ని విడిగా తీసి డేటాబేస్‌లో పెట్టేటప్పుడు బేస్‌తో పేచీ లేదు: లింకులన్నీ పూర్తి అడ్రసులుగా మార్చేస్తే దాని పని అయిపోయినట్టే. భాషని అలా కరిగించి అక్షరాల్లో కలిపెయ్యలేం. దానికో కాలమ్ ఇవ్వాల్సిందే.