మా అమ్మాయి చేతులూ, నా ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంటూ

పోయిన డిసెంబర్లో ఒక రాత్రి మా నాలుగేళ్ళ అమ్మాయి చారన్నం చెంచాతోనే తింటానని పేచీ పెట్టింది. అప్పటిదాకా చెంచా అంటే గిట్టని పిల్ల. చారు మోచేతిదాకా కారితే గానీ భోజనం చేసినట్టుండదు దానికి. స్కూల్లో ఎవర్నో చూసి నేర్చుకుందనుకుని నేనూ మా ఆవిడా నవ్వుకున్నాం కూడా. మర్నాడు పులిహోరకీ చెంచానే. మూడోరోజు ఆదివారం. నేనే కలిపి పెడదామని కూర్చుని దాని చెయ్యి పట్టుకుంటే ఉప్పుకాగితంలా గరుగ్గా తగిలింది. తిప్పి చూస్తే వేళ్ళ కణుపుల దగ్గర ఎర్రగా కందిపోయి, చర్మం తెల్లగా పొలుసులు లేచి ఉంది. బొటనవేలి పక్కన సన్నగా ఒక చీలిక. చారులో చింతపండు, పులిహోరలో నిమ్మరసం. చెంచా ఎందుకో అప్పటికి గానీ వెలగలేదు నా ట్యూబ్‌లైటు.

"మంట పుడుతుంటే చెప్పొచ్చు కదమ్మా?"

"కడుక్కోకపోతే మళ్ళీ హాస్పిటల్లో సూది గుచ్చుతారని నువ్వే చెప్పావుగా నాన్నా."

మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. తిట్టినా బావుండేది.

ఇక్కడ కొంచెం ఫ్లాష్‌బ్యాక్. అంతకుముందు ఆగస్టులో దానికి వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండురోజులు హాస్పిటల్లో ఉంచాల్సొచ్చింది. సెలైన్ ఎక్కించడానికి ఆ బుల్లి చేతికి నరం దొరక్క మూడుసార్లు గుచ్చారు. మూడుసార్లూ దాన్ని కదలకుండా పట్టుకున్నది నేనే. ఇంటికొచ్చాక నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. ఫ్రిజ్ మీద చార్టు అంటించి, చేతులు కడిగిన ప్రతిసారీ ఒక స్టారు అన్నాను. మొదట్లో రోజుకి ఆరేడు స్టార్లు, నవంబరుకల్లా పద్నాలుగు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆ చార్టు చూసుకుని మురిసిపోయేవాణ్ణి. మా ప్రాజెక్టులో ఏ గ్రాఫూ అంత అందంగా పైకి ఎక్కలేదు మరి! ఎప్పుడైనా అది బద్ధకిస్తే సూది డైలాగు వాడేవాణ్ణి. బ్రహ్మాండంగా పనిచేసేది.

ఆ ఆదివారం రాత్రి అందరూ పడుకున్నాక, మనకి అలవాటైన రూట్ కాజ్ ఎనాలిసిస్ మొదలుపెట్టా. చర్మం పైపొరలో కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సిమెంటులా ఉండి లోపలి తడిని బయటకి పోనివ్వవు. సబ్బుకి మురికి జిడ్డేదో, మన సొంత జిడ్డేదో తెలీదు, రెంటినీ ఊడ్చుకుపోతుంది. చర్మం పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటే, మామూలు సబ్బుది 9, 10 దాకా ఉంటుంది. పద్నాలుగుసార్లు కడిగితే ఇక రిపేరుకి టైమెక్కడిది? దానికి తోడు మా అపార్ట్‌మెంట్లో బోరు నీళ్ళు. హైదరాబాదు శివార్లలో ఉండేవాళ్ళకి బకెట్ల మీద తెల్లచారల గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళలోని కాల్షియంతో కలిసి సబ్బు తెట్టులా మారి చర్మానికి అంటుకుంటుంది. నురగ రాదు, రావట్లేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం. చలికాలం పొడిగాలి సరేసరి. చల్లగా ఉంటాయి పాపం అని గీజరు నీళ్ళు పట్టింది కూడా నేనే. వేడినీళ్ళు ఉన్న కాస్త జిడ్డునీ ఇంకా త్వరగా లాగేస్తాయి. పోనీ క్రిములైనా చస్తాయా అంటే, చెయ్యి భరించే వేడికి అవి చావవు. వాటిని వదిలించేది రుద్దడం, కడగడమే. అంటే కోడు రాసిందీ, టెస్టు చేసిందీ, ప్రొడక్షన్లోకి తోసిందీ ఒక్కడే అన్నమాట.

నా మొదటి ఫిక్సు ఇంకా ఘోరం. ఇంట్లో ఉన్న సెంటు వాసన లోషన్ రాస్తే పిల్ల కెవ్వుమంది. చీలిన చర్మం మీద అలాంటివి భగ్గున మండుతాయి (శానిటైజర్ కూడా అంతే, అందులో ఆల్కహాలు). అమ్మకి ఫోన్ చేస్తే "వెన్నపూస రాయరా, చిన్నప్పుడు నీకు అదేగా రాసేదాన్ని" అంది. రాశాం. పొద్దున్నకల్లా దుప్పటి నిండా చీమలు.

ఇక లాభంలేదని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రంగూ వాసనా లేని మామూలు పెట్రోలియం జెల్లీ చాలంది. చేతులు కడిగాక తువ్వాలుతో రుద్దకుండా అద్ది, కాస్త తడి ఉండగానే రాయాలిట. అది చర్మానికి కొత్తగా నీళ్ళేమీ ఇవ్వదు, ఉన్నవి ఆవిరైపోకుండా మూత పెడుతుందంతే. రాబర్ట్ చెస్‌బ్రో అనే ఆయన 1872లో వాజిలీన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. నూటయాభై ఏళ్ళు దాటినా రిటైర్ కాని ప్రొడక్టు! రాత్రిపూట మందంగా రాసి నూలు గ్లౌజులు వెయ్యమంది. తినేముందు, బాత్రూముకి వెళ్ళొచ్చాక, ఆడుకుని వచ్చాక, చీమిడి తుడుచుకున్నాక కడిగితే చాలు, ఊరికే కడగక్కర్లేదంది. సబ్బు కూడా సువాసన లేని, గాఢత తక్కువది. చీము, రసి కారినా, పసుప్పచ్చగా పెచ్చు కట్టినా, వారంలో తగ్గకపోయినా తీసుకురమ్మంది. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు కొనుక్కొచ్చి రాయొద్దని గట్టిగా చెప్పింది. మా ఆవిడ మళ్ళీ నావైపు చూసింది. అప్పటికే నా జేబులో ఒక ట్యూబు ఉంది.

వచ్చేముందు మా అమ్మాయి డాక్టరమ్మనే అడిగేసింది, "తక్కువ కడుక్కుంటే సూది గుచ్చుతారా?" అని. ఆవిడ దాన్ని దగ్గరికి తీసుకుని "గుచ్చమమ్మా, ఎవరన్నారు?" అంది. నేను గోడమీది బరువు పెరుగుదల చార్టు చాలా శ్రద్ధగా చదివాను.

గ్లౌజులు దాని సైజువి దొరక్క పాత నూలు సాక్సులు చేతులకి తొడిగాం. పిల్లి పాదాలని పేరు పెట్టుకుని రెండురోజులు మ్యావ్ అంటూ తిరిగింది. మూడు రోజులకి మంట తగ్గింది, వారానికి చీలిక పూడింది, గరుకుదనం పోవడానికి ఇంకో వారం పట్టింది. చార్టు పీకేస్తుంటే మాత్రం స్టార్లు పోతున్నాయని ఒకటే ఏడుపు. దాన్ని మడిచి దాని పుస్తకాల్లో పెట్టుకోనిచ్చాను.

ఇప్పుడు చారన్నం మళ్ళీ చేత్తోనే, మోచేతిదాకా. కాకపోతే కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆగి నావైపు చూస్తోంది. నిన్న మట్టిలో ఆడుకుని వచ్చి, ఆ చేతులు వెనక్కి దాచుకుని, "ఇప్పుడు కడుక్కోవాలా, వద్దా నాన్నా?" అంది. కడుక్కోమ్మా అన్నాను. "సూది కోసమా?" అంది. మట్టి కోసం అన్నాను. నమ్మిందో లేదో తెలీదు, మూడు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది.

ఉంటాను మరి, జెల్లీ డబ్బా పట్టుకుని పిలుస్తోంది.