సైకిల్ మీద లైబ్రరీకి

పిల్లలూ, మీరు లైబ్రరీకి ఎలా వెళ్తారు, కారులోనా? మేము మాత్రం శనివారం పూట సైకిళ్ల మీద వెళ్తాం. మాది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. లైబ్రరీ పక్కనే పెద్ద పార్కు, అందులో లేక్ ఎలిజబెత్ అనే చెరువు ఉన్నాయి. 18 ఏళ్లలోపు వాళ్లు హెల్మెట్ పెట్టుకోవాలని ఇక్కడ చట్టం, అందుకని మా అమ్మాయి గొణుక్కుంటూనే పెట్టుకుంటుంది. చెరువు గట్టున బాతులు దారికి అడ్డంగా కూర్చుంటాయి. బెల్లు కొట్టినా లేవవు, అచ్చం మా ఊళ్లో గేదెల్లాగే! ఇంకేం చేస్తాం, దిగి సైకిళ్లు నడిపించుకుంటూ పోతాం.

మా గుంటూరు వైపు ఒకప్పుడు పుస్తకాలే జనం దగ్గరికి వచ్చేవి, తెలుసా? 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు.

ఇక్కడ మనమే వెళ్లాలి. వెళ్లి తెలుగు పుస్తకం అడగాలి. ఎవరూ తీసుకెళ్లని పుస్తకాల్ని చాలా లైబ్రరీల్లో కొన్నాళ్లకు అరలోంచి తీసేస్తారు మరి. అసలు లేకపోతే, కొనమని అడగొచ్చు. మా అమ్మాయికి నాలుగు పేజీలు కూడబలుక్కుని చదవడానికి వారం పడుతుంది. పట్టనీ.

మీ లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఏ అరలో ఉన్నాయో ఈ వారం కనుక్కుని నాకు చెప్తారా?