మాతృత్వం తిరిగి ఇచ్చిన సంబోధన

తాను తల్లి అయితే గాని తల్లి మనసు తెలియదని తెలుగు ఇళ్ళలో తరచుగా వినిపించే మాట. అందులో సత్యం లేకపోలేదు. అయితే తల్లిపై ఏళ్ళ తరబడి కినుక పెంచుకొన్న కుమార్తె తానూ తల్లి అయిననాడు ఆ కినుక ఏమవుతుందో ఆ మాట చెప్పదు. అది దానంతటదే కరగిపోతుందని పెద్దల నమ్మకం. ఒక్కొక్కప్పుడు అది మరింత పదునెక్కుతుంది కూడా. బస్తర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలోని తల్లీకూతుళ్ళ జీవితం ఇందుకు దృష్టాంతం.

బస్తర్‌కూ తెలుగు నేలకూ గల అనుబంధం ప్రాచీనమైనది. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇటు తరలివచ్చి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం. శబరి ఒడ్డునున్న కోంటాలోను, పడమటి అంచున భోపాలపట్నంలోను నేటికీ తెలుగు వినిపిస్తుంది. 1998 వరకు ఈ ప్రాంతమంతా ఒకే జిల్లా. వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంటే కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. అంతటి జిల్లాలో ఒంటరి స్త్రీకి లోపలి గ్రామాలలో ఉద్యోగమంటే ఏమిటో ఊహించుకోవచ్చు.

ఆ తల్లికి అదే ప్రాప్తించింది. భర్త అకాల మరణం చెందగా 1980వ దశకంలో ఆమె ఏ.ఎన్.ఎం.గా చేరింది. వాగులు దాటి పల్లెలు తిరగడం, పురుళ్ళు పోయడం, జ్వరపీడితుల నెత్తురు చుక్కను గాజుపలక మీదికి తీసి పరీక్షకు పంపడం, ఫలితం వచ్చేలోగా క్లోరోక్విన్ మాత్రలు మింగించడం ఆమె నిత్యకృత్యం. వానాకాలంలో దారులు తెగిపోయేవి. బిడ్డ చదువు కోసం ఆమె తన ఒక్కగానొక్క కూతురిని జగదల్‌పూర్‌లో చెల్లెలి ఇంట ఉంచింది.

జగదల్‌పూర్ దసరా డెబ్బది అయిదు దినాల ఉత్సవం. రావణవధ లేని ఆ పండుగలో దంతేశ్వరీదేవికే అగ్రస్థానం. మహానవమి రాత్రి దంతెవాడ నుండి వచ్చే మావలి మాత పల్లకికి పట్టణమంతా ఎదురేగి స్వాగతం పలుకుతుంది. పిన్ని చేయి పట్టుకొని ఆ జనంలో నిలిచిన బాలికకు ఒకటే తోచేది: ఊరందరి అమ్మ ఏటేటా తప్పక వస్తుంది, తన అమ్మకు మాత్రం సెలవు దొరకదు.

కుమార్తె పెద్దదై కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరింది. పోట్లాట ఏదీ జరగలేదు. బంధువులెవరికీ వెంటనే పట్టుబడని ఒక మార్పు మాత్రం వచ్చింది. చిన్ననాడు తల్లిని ‘నువ్వు’ అని పిలిచిన పిల్ల క్రమంగా ‘మీరు’ అనసాగింది. ఇతరులకది వినయం. తల్లికి మాత్రం ఆ గౌరవ వాచకంలోని దూరం తెలుసు. ఆమె దానిని ఎన్నడూ ప్రశ్నించలేదు.

2010లో కుమార్తెకు ఆడపిల్ల కలిగింది. అంతవరకు ఆమె దృష్టి పదోన్నతి మీద, సొంత ఇంటి మీద ఉండేది. బిడ్డ పుట్టిన పిదప వాటి వరుస మారిపోయింది. తల్లి పట్ల కోపం మాత్రం తగ్గకపోగా హెచ్చింది. చంకలోని పసిదాన్ని చూచినప్పుడల్లా, ఇటువంటి బిడ్డను విడిచి ఉండడానికి మనసెలా ఒప్పిందన్న ప్రశ్న ఆమెను వేధించేది.

తన సెలవు దరఖాస్తు పూర్తి చేస్తుండగా ఆ ప్రశ్నకు మరొక ముఖం కనిపించింది. కేంద్ర ఉద్యోగినులకు 2008లో ప్రసూతి సెలవు 135 నుండి 180 దినాలకు పెరిగింది. శిశు సంరక్షణకు ఉద్యోగకాలం మొత్తం మీద 730 దినాల సెలవు కొత్తగా లభించింది. తల్లి ఉద్యోగంలో చేరేనాటికి అట్టి సంరక్షణ సెలవన్న భావనే లేదు. మనసు లేక రాలేదని తాననుకొన్న దానిలో కొంత భాగం నిబంధనలు లేక రాలేకపోవడమేనని కుమార్తెకు తోచింది. కొంత భాగమే, అంతా కాదు.

పదవ నెలలో పాపకు జ్వరం తగిలింది. అప్పటికే పదవీ విరమణ చేసిన తల్లి కబురందిన మరునాటికి వచ్చింది. మలేరియా పరీక్ష కోసం వేల వేళ్ళు పొడిచిన ఆ చేయి మనుమరాలి వేలు పట్టుకొన్నప్పుడు వణికింది. పరీక్షలో మలేరియా లేదని తేలింది. తెల్లవారుజామున జ్వరం తగ్గిన పిదప కుమార్తె అడిగింది:

“అమ్మా, నాకు జ్వరం వచ్చినప్పుడు నువ్వెక్కడ ఉన్నావు?”

“ఏ ఊళ్ళో ఉన్నానో గుర్తులేదమ్మా. పిన్ని ఉత్తరం అందేసరికి నీకు తగ్గిపోయింది.”

“అయినా రావలసింది.”

“రావలసిందే,” అన్నది తల్లి.

సాకులు చెప్పని ఆ ఒక్క మాటతో పాతికేళ్ళ వెలితి పూడిందనడం అతిశయోక్తి. కాని ‘నువ్వు’ అన్న పిలుపు తిరిగి వచ్చింది. దానితోపాటు పోట్లాటలూ వచ్చాయి. బదిలీతో కూడిన పదోన్నతిని కుమార్తె వదులుకొన్నప్పుడు తల్లి మందలించింది. ఉద్యోగమే లేకుంటే నిన్ను చదివించి ఉండేదాన్నా అన్నది. పాప చిన్నతనం రెండోసారి రాదని కుమార్తె బదులిచ్చింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పుడు వాదన కాదు.

ఒక తల్లి పరుల బిడ్డల కోసం తన బిడ్డను విడిచిపెట్టవలసి రావడం ఆమె ఒక్కతె సమస్య కాదు. ఏర్పాట్ల సమస్య కూడ. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో ప్రారంభమైన మితానిన్ పథకంలో ఆరోగ్య కార్యకర్తను ఆ పల్లెవారే తమ పల్లె నుండే ఎన్నుకొంటారు. మితానిన్ అంటే చెలికత్తె. 2020 జనవరిలో మలేరియా నిర్మూలనకై బస్తర్‌లో ఇంటింటి పరీక్షలు మొదలైనప్పుడు, పల్లెల్లో తిరుగుతున్న ఈ స్త్రీలను గూర్చి విని ఆ వృద్ధురాలు ఒకే ప్రశ్న వేసింది: “సాయంత్రానికి ఇంటికి చేరతారా?” చేరతారని కుమార్తె చెప్పింది.