రెండో కృష్ణుడు

మేం వెళ్ళేసరికి సౌండ్ చెక్ ఇంకా అవుతోంది. జూబ్లీహిల్స్‌లో ఓ పబ్బు, పై అంతస్తు. స్టేజి అని మర్యాదకి అనాలి గాని, జానెడెత్తు చెక్కల అరుగది. దాని ముందు రెండొందల మంది నిలబడితే చప్పట్లు కొట్టడానికి చేతులు పైకెత్తాల్సిందే. సగం చోటు టేబుళ్ళకే పోయింది. అందులో ఒక టేబుల్ ఎవరిదో పుట్టినరోజు బ్యాచ్, కేకుతో సహా.

ముగ్గురం వచ్చాం. నేను, తెనాలి వాడు, అన్న. ఇంజనీరింగ్ హాస్టల్లో ఊరి పేరే మనిషి పేరు కదా, అందుకని వాడు ఇప్పటికీ తెనాలి వాడే, కొండాపూర్‌లో ఫ్లాటు కొని ఆరేళ్ళవుతున్నా సరే. అన్న మాకు రెండేళ్ళు సీనియర్. అన్నకీ ఓ ఊరూ పేరూ ఉన్నాయి గాని మా బ్యాచ్‌లో వాటి అవసరం ఎవరికీ పడలేదు.

ఇండియన్ ఓషన్‌ని మాకు అంటించింది అన్నే. 2005లో హాస్టల్ నెట్‌వర్క్‌లో అన్న షేర్ చేసిన ఫోల్డర్ ఒకటుండేది. అప్పటిదాకా మాకు రాక్ అంటే మెటాలికా, పింక్ ఫ్లాయిడ్. ముందు టీషర్టులు కొనుక్కున్నాం, పాటలు తర్వాత విన్నాం. అన్న ఫోల్డర్‌లో 'కందీసా' ఆల్బం దొరికింది, 2000లో వచ్చింది. ఆ పేరున్న పాట మొదటిసారి విన్నప్పుడు తెనాలి వాడు అది మలయాళం అన్నాడు, నేను సంస్కృతం అన్నాను, పందెం మిర్చి బజ్జీలు. ఇద్దరం ఓడిపోయాం. అది అరమాయిక్. కేరళలో సిరియన్ క్రైస్తవులు పాడుకునే ప్రార్థన. పరిశుద్ధుడా, చావు లేనివాడా అని దేవుణ్ణి పిలవడమే అందులో ఉన్నదంతా. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఓ పాత ఇంట్లో సాధన చేసుకునే బ్యాండు, చర్చి పాట పాడుతుంది, నర్మద ఒడ్డు జానపదం పాడుతుంది, గోరఖ్ పాండే రాసిన భోజ్‌పురి తిరుగుబాటు పాట కూడా పాడుతుంది. బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ అమెరికాలో కార్నెల్‌లో పీహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడని తెలిసినప్పుడు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోసం ఆప్టిట్యూడ్ పుస్తకాలు బట్టీ పడుతున్న మాకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

కానీ మా మనిషి అషీమ్ చక్రవర్తి. తబలా వాయిస్తూ పాడేవాడు. రెండూ కలిపి, ఒక్కడే. 'మా రేవా'లో, 'కౌన్'లో ఆ గొంతు వింటే, సంగీతం రానివాడికి కూడా ఈయన పాడకుండా ఉండలేక పాడుతున్నాడని తెలిసిపోయేది.

ఆ అషీమ్‌ని మాలో అన్న ఒక్కడే చూశాడు. 2007లో వేరే ఊళ్ళో ఓ కాలేజీ ఫెస్టుకి ఇండియన్ ఓషన్ వచ్చింది. నాకు మర్నాడు ఇంటర్నల్స్. మళ్ళీ ఎప్పుడైనా వస్తార్లే అనుకున్నాను. తెనాలి వాడిదీ అదే లెక్క. అన్న ఒక్కడే జనరల్ బోగీలో వెళ్ళి తెల్లారేసరికి తిరిగొచ్చాడు. నాలుగో వరసలో కూర్చున్నాడట. అషీమ్ కళ్ళు మూసుకుని, తల కాస్త ఎడమవైపు వంచి, చెమట చుక్క తబలా మీద పడుతున్నా పట్టించుకోకుండా పాడాడట. ఆ రాత్రి గురించి అన్న చెప్పగా ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కొత్త జూనియర్లు వచ్చినప్పుడల్లా మేమే అడిగి చెప్పించేవాళ్ళం.

2009 డిసెంబర్ 25న అషీమ్ పోయాడు. గుండె ఆగి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది, టికెట్‌కి డబ్బులుండేవి. మర్నాటి ఏడు ఆయన పోకముందు రికార్డు చేసిన పాటలని బ్యాండు నెలకొకటి చొప్పున ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ కరోల్‌బాగ్ ఇంటి చిరునామానే ఆల్బం పేరు, '16/330 ఖజూర్ రోడ్'. నెల నెలా జీతంలాగే పాట కూడా వచ్చేది. ఒక్కో పాటా రాత్రి షిఫ్టులో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పోయిన మనిషి నుంచి నెలకో ఉత్తరం వస్తున్నట్టుండేది. అవి ఎప్పుడో అప్పుడు అయిపోతాయని తెలుసు కాబట్టి, వెంటనే వినేయకుండా రెండ్రోజులు దాచుకునేవాణ్ణి.

2013లో బ్యాండు మొదలుపెట్టిన ఇద్దరిలో రెండోవాడు, గిటారిస్టు సుష్మిత్ సేన్ కూడా బయటికొచ్చేశాడు. మరుసటేడు 'తందానూ' వచ్చింది, ప్రతి పాటలోనూ ఒక పెద్ద కళాకారుడు అతిథి. అప్పట్లో నాకో బ్లాగుండేది, సంగీతం మీద నా తీర్పుల కోసం లోకం ఎదురుచూస్తోందన్న నమ్మకమూ ఉండేది. ఇల్లంతా చుట్టాలే, ఇంటివాళ్ళు కనబడటం లేదని రాశాను. బ్యాండు అయిపోయిందని కూడా రాశాను. దానికి నలభై కామెంట్లొచ్చాయి. నా జీవితంలో అదే రికార్డు. ఆల్బం మొత్తం విన్నది ఒక్కసారి, అదీ బస్సులో.

అందుకే ఈ షోకి రానన్నాను. తెనాలి వాడే మూడు టికెట్లు బుక్ చేసి, డబ్బులు తర్వాత పంపమని లాక్కొచ్చాడు.

పాట మొదలైంది. రాహుల్ రామ్ జుట్టు పూర్తిగా నెరిసింది గాని బేస్ అదే, పొట్టలో మోగుతుంది. అమిత్ కిలమ్ డ్రమ్స్ దగ్గర. ఈ ఇద్దరే నేనెరిగినవాళ్ళు. అషీమ్ ఒక్కడు చేసిన పనికి ఇప్పుడు ఇద్దరున్నారు. తబలాకి తుహీన్ చక్రవర్తి, గొంతుకి హిమాంశు జోషి. గిటార్ నిఖిల్ రావ్‌ది. మొదటి రెండు పాటలూ నేను వినలేదు, పరీక్ష పేపర్లు దిద్దాను. సుష్మిత్ అకూస్టిక్ గిటార్ మీద తెంపి తెంపి వేసే చోట నిఖిల్ ఎలక్ట్రిక్ తీగని సాగదీస్తున్నాడు. హిమాంశుది హిందుస్తానీ నేర్చిన గొంతు, పై స్థాయికి శ్రమ లేకుండా వెళ్ళిపోతుంది. ఆ శ్రమ లేకపోవడమే నాకు నచ్చలేదు. దానికి మార్కులు తగ్గించాను.

తెనాలి వాడు నా మొహం చూశాడు. చెవి దగ్గరికొచ్చి అరిచాడు. "మావా, మా ఊళ్ళో నాటకాలకి ఒక రాత్రికి ఇద్దరు కృష్ణులుండేవాళ్ళు తెలుసా?"

తెలుసు. పద్య నాటకాల్లో రాయబారం సీనుకి ఒక కృష్ణుడు, పడక సీనుకి ఇంకొకడు. పోస్టర్ మీద కూడా ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అనే వేసేవాళ్ళు. పద్యం నచ్చితే వన్స్‌మోర్.

"మా తాత మొదటి కృష్ణుడు దిగిపోగానే కండువా దులుపుకుని లేచొచ్చేసేవాడంట. మా నాయనమ్మ మాత్రం ఒక టికెట్టుకి ఇద్దరు కృష్ణులొస్తుంటే నేనెందుకు పోవాలి అని తెల్లారిందాకా కూర్చునేది." చెప్పి మళ్ళీ స్టేజి వైపు తిరిగాడు. నా టికెట్ డబ్బులు ఇంకా పంపలేదని గుర్తొచ్చింది.

ఆ తర్వాత అమిత్ డ్రమ్స్ వదిలేసి గాబ్‌గుబీ చంకన పెట్టుకుని ముందుకొచ్చాడు. బౌల్ గాయకుల వాయిద్యం అది. చంకలో చిన్న డోలు, దాంట్లోంచి బయటికి లాగిన ఒక తీగ. మా హనుమకొండ వైపు ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ళ చేతిలో జమిడిక చూసినవాళ్ళకి దాన్ని పరిచయం చేయక్కర్లేదు. తీగ బిగిస్తూ వదుల్చేస్తూ మీటితే స్వరం మనిషి ఏడ్చినట్టు వంగుతుంది. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళ వాకిట్లో, సగం నిద్రలో విన్న శబ్దం. ఏసీ పబ్బులో, పక్కన ఎవరో ఫ్రెంచ్ ఫ్రైస్ తింటుండగా అది వినిపించింది. పేపర్లు దిద్దడం అక్కడ ఆగిపోయింది.

చివర్లో 'కందీసా'. పుట్టినరోజు బ్యాచ్ కూడా లేచి నిలబడింది. గదిలో ఎవరికీ రాని భాష, అందరికీ నోటికొచ్చిన పాట. అషీమ్ అందుకునే చోటు రాగానే నేను తయారయ్యాను, పోల్చడానికి. హిమాంశు ఆ చోట ఒకటి రెండు మాటలు పాడాడో లేదో, జనం అందుకున్నారు. ఇక ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. తెనాలి వాడి శ్రుతి ఎప్పుడూ పక్క వీధిలోనే ఉంటుంది, ఆ రోజూ అక్కడే ఉంది. నేనూ అరుస్తున్నానని కాసేపటికి తెలిసింది. అన్న మాత్రం పాడలేదు. స్టేజి వైపు కాకుండా గోడకి చెయ్యి ఆనించి, తల వంచుకుని నిలబడ్డాడు. అషీమ్ గుర్తొచ్చాడేమో అనుకుని కదిలించలేదు.

పన్నెండున్నరకి మాదాపూర్లో టిఫిన్ బండి దగ్గర ఆగాం. తెనాలి వాడు ఊరుకోలేక అడిగాడు. "అన్నా, నువ్వు చూశావు కదా, నిజం చెప్పు. ఆయన పాడితే దీనికంటే ఎంత బాగుండేది?"

అన్న దోసె తుంచుతూ, మా వైపు చూడకుండా అన్నాడు. "నేను లోపలికి పోలేదురా."

మాకర్థం కాలేదు.

"బయటి కాలేజోళ్ళకి పాసు 300. నా దగ్గర తిరుగు ప్రయాణం చార్జీలు పోను 180 ఉన్నయ్. కాంపౌండ్ గోడ ఎనక నిలబడి విన్న. మీరు పొద్దున్నే ఎట్లుందన్నా అని ఎగబడ్డరు. చూసిన అని నోట్లకెళ్ళి వచ్చేసింది. ఒకసారి చెప్పినంక ఇగ ఎట్ల మారుస్త?"

నాలుగో వరస, చెమట చుక్క, ఎడమవైపు వంచిన తల. తెనాలి వాడు పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 2014లో రాసిన ఆ వ్యాసంలో మొదటి పేరా అదే. కళ్ళు మూసుకున్న అషీమ్, తబలా మీద పడిన చెమట చుక్క. ఎవరో చెప్పారని రాయలేదు. నేను చూశానని కూడా రాయలేదు, అక్కడ జాగ్రత్తపడ్డాను. చదివినవాళ్ళు నేను చూశాననే అనుకున్నారు. మిమ్మల్ని చూస్తే అసూయగా ఉంది సార్ అని ఒకతను కామెంట్ పెడితే దానికి థాంక్స్ చెప్పాను. ఆ చుక్క లేకపోతే ఆ వ్యాసానికి బ్యాండు అయిపోయిందనే హక్కే లేదు.

ఈ మాట అన్నకి చెప్పాను. అన్న ఆ వ్యాసం ఎప్పుడో చదివాడట. "నా చెమట చుక్కనే గదరా" అన్నాడు, అంతే.

రెండో దోసె వచ్చింది. గోడ అవతల నుంచి ఏం వినపడిందని అడిగాను. ఈసారి నిజంగా తెలుసుకోవాలనిపించింది. బేస్ గోడలోంచి వచ్చిందన్నాడు, చెయ్యి పెడితే తెలిసేదట. గొంతు గాలిని బట్టి వచ్చేది, పోయేది. లారీ వెళ్ళినప్పుడల్లా ఒక చరణం పోయేది. గోడ మీద సీసా పెంకులు గుచ్చి ఉన్నాయట, లేకపోతే ఎక్కి ఉండేవాణ్ణన్నాడు. పక్కన కాలేజీ వాచ్‌మన్ బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. కందీసా అయిపోయేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"ఆఖర్న ఆ ముసలాయన అడిగిండు, ఆ పాడేటాయన మనోడేనా బిడ్డా అని."

"నువ్వేమన్నావ్?"

"అవునన్న."